కొత్తవానికి చాప వేయుట

వార్షిక మహాసభ సంచికకు చరిత్ర విషయమున నొక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, వంశముల పుట్టుపూర్వోత్తరములను గూర్చియో శాసనములను గూర్చియో వ్రాయుదునని వారు తలంచి యుందురు. అట్టి వ్యాసము లీ సంచికలలో పెక్కు వచ్చినవి, ఇంకను వచ్చును. నేను పండితుడను గాను. మొవ్వలో పుట్టి, బందరులో చిన్న బట్టలకొట్టు పెట్టుకొని బ్రదికినవాడను. కావున నాకు తెలిసిన త్రోవనే పోయెదను. చిన్న వ్యాపారములో నొక క్రొత్తవాడు పనికి కుదిరిన నాడు యజమానుడు వాని నెట్లు చేర్చుకొనెను, ఏమి నేర్పెను, ఏమి దాచెను అను విషయము మన బందరు సీమలో నాలుగువందల యేండ్ల కథ. దానిని వ్రాసినవారు తక్కువ.

నన్నీ విషయమునకు త్రిప్పినది నా స్వానుభవమే. 1966లో, నా పదునైదవ యేట, మా తండ్రిగారు నన్ను బందరులో నొక బట్టలకొట్టుకు తీసికొనిపోయి అప్పగించి, మధ్యాహ్నపు బస్సున మొవ్వకు మరలిపోయిరి. ఆ కొట్టు పేరు చెప్పను. అది యిప్పుడు లేదు. ఉదయము మొదలు దీపములు పెట్టువరకు నేను గోడ నానుకొని నిలుచుంటిని. కూర్చుండుమని యెవ్వరు ననలేదు. మంచినీళ్ల కుండ యెక్కడ నున్నదో, అన్నమున కెప్పుడు పోవలయునో, నాకు పని చెప్పువారెవరో తెలియదు. నా జీతమెంతయో మూడవ నెలలో తెలిసినది. యజమానుడు చెడ్డవాడు గాడు. ఆయనయు నట్లే నిలుచుండి నేర్చుకొన్నవాడు, అట్లే నిలువబెట్టెను. తరువాత నేను కొట్టు పెట్టుకొని యిరువది యేండ్లు అదే చేసితిని. ఒక పిల్లవాడు ప్రొద్దున వచ్చి మధ్యాహ్నమునకే చెప్పకుండ వెడలిపోయినప్పుడు గాని, ఆ గోడ నాకు మరల జ్ఞప్తికి రాలేదు.

ఇక పూర్వకథ. 1611వ సంవత్సరము ఆగష్టు నెలలో గ్లోబు అను నింగ్లీషు ఓడ బందరు రేవునకు వచ్చెను. ఇంగ్లీషు కంపెనీకి తూర్పుతీరమున నిలుకడగా వ్యాపారము మొదలైనది దానితోనే. ఆ యోడలో వ్యాపారము నడుప వచ్చిన పీటరు ఫ్లోరిసు, లూకాసు ఆంథ్యూనిసు అను నిరువురు నింగ్లీషువారు గారు. అంతకుముందు డచ్చివారి కొలువులో నీ తీరమున పనిచేసి, ఇచ్చటి అద్దకపు గుడ్డల మర్మ మెరిగినవారు. తమకు తెలియని యూరికి పోవునప్పుడు తెలిసినవానిని కుదుర్చుకొనుట యా కంపెనీ చేసిన మొదటి తెలివి. తరువాత పడవలలో వచ్చిన బాలుర సంగతి వేరు. వారికి లేఖకులు అని పేరు. అయిదేండ్లు లెక్కలు, లేఖలు నకలు వ్రాసి, ఆపైన ఫ్యాక్టరై, మఱికొన్ని యేండ్లకు వర్తకులై మెట్లెక్కుదురు. దేశము విడుచుటకు ముందే జామీనుదారులను చూపి కరారు వ్రాసి యియ్యవలయును. కొఠీలోనే నివాసము, పెద్దలు పిన్నలు నొకే బల్లయొద్ద వరుస ననుసరించి భోజనము. పదునేడవ శతాబ్దము చివర లేఖకుని జీతము సంవత్సరమునకు 10 పౌనులు.

ఈ యేర్పాటున మంచియు గలదు, చెడ్డయు గలదు. పదియారేండ్ల పిల్లవాడు పరదేశములో దిగిన నాడే వానికి పడక, బల్ల, పై అధికారి, ముందు మెట్టు అన్నియు తెలిసియుండుట మంచి. నేను గోడకు నిలుచున్న నాటికి మూడువందల యేండ్ల ముందే బందరులో నది జరిగినదని తెలిసినప్పుడు నాకు కొంచెము సిగ్గు కలిగినది. చెడ్డ యేమనగా, ఆ 10 పౌనులతో నెవ్వడును బ్రదుకలేడు. కంపెనీవారికి నా సంగతి తెలియును. తెలిసి, సొంత వ్యాపారము చేసికొనినను కన్ను మూసికొనిరి. జీతము తక్కువ యిచ్చి కన్ను మూసికొనెడి యజమానునికి చివరకు రెండు కన్నులును పోవునని మన కొట్లలో ననుభవమే గదా! ఆ కంపెనీ కొలువువారు తమకై తాము చేసికొన్న బేరముల ఫలితము దేశమంతయు ననుభవించినది.

మఱియొక లోపము. ఆ బాలునికి తెలుగు నేర్పువా డెవడును లేడు. నేతగాండ్రతోడను అద్దకమువారితోడను మాటలాడవలసినవాడు దుబాసీ నోటనే మాటలాడెను. క్రొత్తగా వచ్చిన సివిలు ఉద్యోగులకు దేశభాషలు క్రమముగా నేర్పుటకై చెన్నపట్టణమున సెయింటు జార్జి కోట కళాశాల యేర్పడినది 1812లో. అనగా ఓడ దిగిన రెండువందల యేండ్లకు! ఆ కళాశాలలోనే 1817లో వచ్చిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను వెలగపూడి కోదండరామ పంతులుగారియొద్ద తెలుగు అక్షరములు దిద్దెను. ఆయన తరువాత మన బందరులో నుద్యోగము చేసినవాడే. తెలుగు నిఘంటువు మనకు దక్కినదన్నచో, కొలువులో చేరిన క్రొత్తలో నొకడు కూర్చుండబెట్టి నేర్పించుటయు నొక కారణమని నేను తలంతును.

బందరులో డచ్చివారి సమాధులతోట నేటికిని గలదు. రాళ్లపై వంశచిహ్నములు, అక్షరములు చక్కగా చెక్కియున్నవి. ఒక్కసారి పోయి చూడుడు. ఉప్పుగాలికి, జ్వరములకు, తుపానులకు నిలువలేక ఇల్లు చూడకయే యిచ్చట మిగిలిన పరదేశులు వారు. ఆ రాళ్ల నడుమ నిలుచుండి నేను మా కొట్టులోని పిల్లల వయస్సు లెక్కపెట్టుకొంటిని.

మన కొట్ల సంగతికి వత్తము. మన కొట్లలో చేరిన పిల్లవానికి చదువు చిట్టాతోను ఆవర్జాతోను మొదలు. ఏనాటి పద్దు లానాడు చిట్టాలో నెక్కవలయును. అందుండి పేరుపేరు వరుసను ఆవర్జాకు దిగవలయును. కాలు, అర, ముప్పాతిక, పరక, వీసము నోటికి రావలయును. రూపాయకు 16 అణాలు, అణాకు 12 పైలు, రూపాయకు 192 పైలు. వీశెలు, మణుగులు, కుంచములు, తూములు, పుట్లు. ఇవి నేర్పువాడు యజమానుడు గాడు, పెద్ద గుమాస్తా. నేర్పుట యనగా తప్పు చేసినప్పుడు మొట్టికాయ. ఇంతలో 1957 ఏప్రిలు 1వ తేదీన రూపాయకు 100 నయాపైసలు వచ్చినవి. ఆ వెంటనే గ్రాములు, మీటరులు వచ్చినవి. నలుబది యేండ్ల పెద్ద గుమాస్తా ఒక్కనాటితో క్రొత్తవాడయ్యెను! నేను చేరిన కొట్టులో నొక వృద్ధ గుమాస్తాగా రుండెడివారు. గజమునకు 91 సెంటీమీటరులకు కొంచెము పైచిలుకని బడిలో చదివిన నేను చెప్పగా, ఆయన తన చిట్టా చివర చిన్న అక్షరములతో వ్రాసికొనిరి. మఱునాడు నాకు తన ప్రక్కన చాప చూపిరి. నేర్పుట ఒకవైపే జరుగునది గాదని నాకు మొదట తెలిసిన దానాడు.

అయినను అసలైన పాఠము కావలసినవారు పెడనకు పోవలయును. అచ్చటి యద్దకపు పని నేను కొట్టువాడనుగా నలుబది యేండ్లు చూచితిని. ఈ పనిలో నొక విచిత్ర మున్నది. దానిని తెలిసికొననిదే క్రొత్తవానిని చేర్చుకొనుట యన నేమో తెలియదు.

ముదుక గుడ్డను పేడనీట నానవేసి, ఉతికి, ఎండవేసి తెల్లపరతురు. కరక్కాయ పొడి కలిపిన నీట ముంచి యారవేయుదురు. ఇనుపముక్కలు, బెల్లము నీట వేసి చాలనాళ్లు పులియబెట్టిన ద్రవముతో టేకు అచ్చులు గ్రుద్దగా, కరక్కాయ తగిలిన గుడ్డపై నల్లని గీత వెంటనే లేచును. ఎరుపు అట్లు గాదు. ఎరుపు రావలసిన చోట పటిక నీటితో నద్దుదురు. పటికకు రంగు లేదు. కంటికి గురుతు తెలియుటకు ఏదేని రంగు కొంచెము కలుపుట గలదు గాని, నిజమైన ఎరుపు అప్పుడు లేదు. ఆరిన గుడ్డను పారునీట జాడించి, మిగులు పటికను కాలువకు విడిచిపెట్టి, రాగి గంగాళములో ఎరుపు నిచ్చు వేరులు, చెక్కలు, ఆకులు వేసి యుడుకబెట్టినప్పుడు, పటిక పట్టిన చోటనే ఎరుపు పట్టును. పూర్వము దీనికి చిరివేరు వాడెడివారు. సముద్రతీరపు ఇసుకనేల చిరివేరు రంగు మిక్కిలి ప్రసిద్ధి.

ఇందువలన నేమైనది? అద్దెడివాడు తాను చేసిన తప్పును తాను చూడడు. అచ్చు జరిగినను, పటిక పలుచనైనను, ఆ తప్పు దినములు గడచిన పిదప మఱియొకని గంగాళములో బయటపడును. కాలువలో సరిగా జాడింపనివాని తప్పు తెల్లని భాగమున మచ్చయై లేచును, తిట్లు ఉడుకబెట్టువానికి. కాబట్టి క్రొత్తవానిని బల్లయొద్దనే కట్టివేసినచో వాడు పదేండ్లకును పనివాడు గాడు. నేను చూచిన యొక వృద్ధ పనివాడు క్రొత్త పిల్లవానికి మొదటినాడు అచ్చు చేతి కిచ్చెడివాడు గాడు. గంగాళమునొద్ద నిలువబెట్టి, తెల్లని గుడ్డ యెఱ్ఱనగుట చూపెడివాడు. "ఇది చూస్తే గాని అక్కడ నీ చెయ్యి వణకదురా అబ్బాయీ" అనెడివాడు. చేయి వణకవలయునని యాయన కోరుట నాకు నచ్చినది. ఏ గ్రంథములోను నే నీ మాట చదువలేదు.

అందఱు నట్టివారు గారు. ఏ యినుము, ఎంత బెల్లము, ఎన్ని నాళ్లు అను పాళ్లు ఇంటి కొడుకునకు దక్క చెప్పని పెద్ద లుండిరి. కొడుకునకును చివరిదాక చెప్పనివారు నుండిరి. ఇది మన వారందఱి పనులలోను గల వాడుకయే; దీనిని కులరహస్యమని గౌరవముగా చెప్పుకొందుము. దీనికి కారణ మున్నది. పని తప్ప వేరు ఆస్తి లేనివాడు ఆ పనిని పంచి యిచ్చుటకు భయపడును. కాని 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుమీదికి వచ్చి దాదాపు 30,000 మందిని తీసికొనిపోయినప్పుడు, ఒక్క రాత్రిలో నెన్ని యిండ్ల పాళ్లు ఉప్పునీట కలిసినవో యెవరు చెప్పగలరు? వ్రాసిపెట్టినవారు లేరు, పరాయివానికి నేర్పినవారు లేరు. ఆపైన నయిదేండ్లకే, 1869లో, చిరివేరు ఎరుపునకు మూలమైన అలిజరిను అను పదార్థమును యూరపులో రసాయనశాలయందు చేయుట కనుగొనిరి. మిల్లుగుడ్డ, మందురంగు కలిసి వచ్చినవి. పారసీక దేశమునకు పోవు బేరము క్రమముగా సన్నగిల్లినది.

మరల నా పని లేచినది స్వాతంత్ర్యము తరువాత. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడినది. కమలాదేవీ చట్టోపాధ్యాయ మొదలగువా రిట్టి పనులను వెదకి నిలువబెట్టిరి. కాని బోర్డు లద్దకము చేయవు, చేతులు చేయవలయును. ఆ చేతులు మునుపటి యిండ్లనుండి మాత్రమే వచ్చియున్నచో చాలియుండెడివి గావు. పూర్వము ఈ పని యెరుగని కుటుంబములవారు, స్త్రీలు, బల్లలయొద్దకు వచ్చిరి. బందరు కలంకారీకి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చినదన్నచో, గడప దాటి వచ్చిన యా క్రొత్తవారి పాలు అందు గలదు. ఇది కులసంఘపు సంచికలో వ్రాయదగిన మాట కాదని కొందఱు పెద్ద లనవచ్చును. వ్రాయదగిన చోటు ఇదియే యని నా అభిప్రాయము.

మా మొవ్వకు కూతవేటు దూరముననున్న కూచిపూడియు నిట్టిదే. భాగవతమేళము కళయే గాక కొన్ని కుటుంబముల జీవనోపాధి. అచ్చట పుట్టిన మగపిల్లవాడు జన్మమున నొక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలయునని సిద్ధేంద్రయోగి పేర సంప్రదాయము చెప్పుచున్నది. మేళములో ప్రవేశమున కింత యందమైన నియమము వేరొక చోట వినలేదు. తరువాత మద్దెల వాయించువాడైనను, తాళము వేయువాడైనను, ముఖ్యపాత్ర భార మేమో ఒకసారి మోసి తెలిసికొన్నవాడే. పెడన వృద్ధుని గంగాళ మిచ్చటను గలదు. ఆ కళయు స్త్రీలకు, ఇతరులకు తలుపు తెరచి, 1963లో వెంపటి చినసత్యముగారు మద్రాసులో అకాడమీ స్థాపించిన పిదప లోకమంతట వ్యాపించినది.

పని నేర్పుటను బడిలో పెట్టవలయునని తలంచిన మహనీయులును మన బందరులోనే యుండిరి. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో మొదలై, పుస్తకముతో పాటు చేతిపనిని నేర్పినది. ప్రమోదకుమార చటర్జీగా రిచ్చట చిత్రలేఖనము నేర్పిరి. అడివి బాపిరాజుగా రిచ్చటివారే. ఆ పట్టాభిగారే 1923 నవంబరు 28వ తేదీన లక్షరూపాయల చెల్లింపు మూలధనముతో ఆంధ్రా బ్యాంకును బందరులో తెరచిరి. ఆ నాటి కది చిన్న వ్యాపారమే. 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోవువరకు ఎన్ని వేలమంది తెలుగు పిల్లలకది మొదటి కొలువైనదో! బ్యాంకులో చేరినవానికి ఉత్తరువు చేతి కిత్తురు, పని వరుసగా చూపుదురు. చిన్నకొట్టు వాడు "మనకెందుకా తతంగము" అనును. కాగితము లేకపోయిన పోనిమ్ము, నోటిమాటయైన చెప్పవద్దా?

ఇది మర్యాద మాట మాత్రమే కాదు, ప్రాణము మాటయు. చిలకలపూడి బంగారమని దేశమంతట పేరుబడిన మన పూత నగల పని చూడుడు. అచ్చులు చేయువా రొకరు, అతుకులు పెట్టువా రొకరు, పూత పెట్టువా రొకరు. రాళ్లు, గొలుసులు ఇంటికి తెచ్చుకొని కూర్చు స్త్రీ లనేకులు. బంగారు పూతకు సైనైడు లవణములు వాడుదురు. ఆ గదిలో భోజనము చేయరాదు, ఆ ద్రవములో ఆమ్లము కలియరాదు, చేతులు కడుగకుండ బిడ్డను ముట్టరాదు. క్రొత్తగా చేరిన పిల్లకు ఈ మూడు మాటలు మొదటి గడియలో చెప్పవలయును. మొదటి నెలలో కాదు. ఇంటివద్ద గొలుసులు కూర్చు తల్లులకైతే చెప్పువాడే లేడు; వారు ఎవరి పనివారో వారికే తెలియదు. సరుకు తెచ్చినవాడు మధ్యవర్తి, తీసికొనిపోయినవాడు మధ్యవర్తి, లెక్క తప్పినచో తప్పు వారిది.

మన సంఘమును గూర్చియు నొక మాట. చదువు ఆపిన పిల్లలకు కొట్లలో, ఖార్ఖానాలలో పని చూపుమని మనము సిఫారసు లేఖలు వ్రాయుచున్నాము. నేనే పెక్కు వ్రాసితిని. ఆ పిల్లవాడు చేరిన వారమునకు పోయి, "ఎట్లున్నావు నాయనా, ఎక్కడ తినుచున్నావు, జీత మెంత చెప్పినారు" అని యడిగినవారము మనలో నెంద ఱున్నారు? నేను ఒక్కసారియు పోలేదు. లేఖ వ్రాసినంతనే పుణ్యము వచ్చినదనుకొంటిని. పోషకులలో పెక్కురు స్వయముగా యజమానులు; వారికి కోపము వచ్చినను ఈ వాక్యము కొట్టివేయవలదని సంపాదకులను ప్రార్థించుచున్నాను.

మా కొట్టులో నిప్పుడు చేయునది చెప్పెదను. ఇది గొప్ప గాదు. చేరువారి తల్లినో తండ్రినో యెదుట కూర్చుండబెట్టి జీతము, సెలవు, పండుగ మామూలు అంకెలతో చెప్పి, ఒక నోటుపుస్తకములో వ్రాసి వారికే యిత్తుము. మొదటినాడు అమ్మకము లేదు. సరుకు బండి దిగుట, గజమునకు మీటరునకు భేదము, తిరిగి వచ్చిన బట్టను గూర్చి కొన్నవారు చెప్పు మాటలు, ఇవి చూచుట. మధ్యాహ్నము నాతోనే భోజనము. పాతవారిలో నొకరు నెలదినములు వారికి జవాబుదారి. ప్రశ్నలు వారినే యడుగవలయును, తప్పు జరిగిన మాట పడవలసినదియు వారే. ఇది నాకు మొదట ఖర్చుగా తోచినది. ఒక దినపు కూలి వృథా యని మా పెద్దబ్బాయి యనెను. వాడు గోడకు నిలుచున్నవాడు గాడు.

గత శ్రావణమాసములో పామఱ్ఱు వైపునుండి వచ్చిన యొక పిల్ల కుదిరినది. మూడవ నాడు, పండుగ రద్దీలో నేను కత్తిరించిన రవికగుడ్డను ఆమె మరల కొలిచి, "తాతగారూ, పది సెంటీమీటర్లు తక్కువండీ" అనెను. కొన్నామె యెదుటనే యనెను. నేను కొలిచి చూచితిని, తక్కువే. క్రొత్త ముక్క కత్తిరించి యిచ్చి, ఆ ముక్క ఖరీదు చిట్టాలో నా పేర వ్రాయుమని ఆమెకే చెప్పితిని.